కుందేళ్ళకు పోసిన కాఢా

మా మేడమ్ పోయారని సోమవారం పొద్దున ల్యాబ్‌కు ఫోన్ వచ్చింది. ఒకప్పుడు నా పీహెచ్‌డీకి గైడు ఆవిడే. ఆ రోజు కుందేళ్ళ రక్త నమూనాలు తీయాలి. కళ్ళు తుడుచుకుని తీశాను. మానేసి కూర్చుంటే ఆవిడకే కోపం వచ్చేది.

గోదావరి జిల్లా మనిషి. ఫరీదాబాద్ నుంచి రోజూ బస్సులో ల్యాబ్‌కు వచ్చేవారు. ఎవరైనా ఫలానా కషాయంతో జ్వరం తగ్గిందంటే చాలు, "అచ్ఛా, దాంతోపాటు ఇంకేం మింగారు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు జడిసి పక్కింటి ఆంటీలు ఆవిడ ముందు జబ్బుల ఊసే ఎత్తేవారు కాదు.

మిరియాల సారం ఇస్తే, వైరస్‌కు వేసే మందు కుందేళ్ళ రక్తంలో ఎక్కువగా నిలుస్తుందా? అదీ అప్పటి నా పరిశోధన. ఫెలోషిప్ ఆ వేసవితో సరి. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే చదువు అక్కడికి ముగిసినట్టే. తీరా చూస్తే, సారం ఇచ్చినవాటికీ ఇవ్వనివాటికీ తేడా లేదు. ప్రభావం లేదని రాసి పట్టుకెళ్ళాను. ఆవిడ సంతకం పెట్టలేదు.

"కుందేళ్ళని చూశావా, కాగితాన్నే చూశావా?" అంటూ నన్ను వాటి గదికి లాక్కెళ్ళారు. నీళ్ళ గిన్నె ఎత్తి వాసన చూశారు. మిరియాలు, తులసి!

వాటిని చూసుకునే భయ్యా తల వంచుకున్నాడు. "సర్దీ హో గయీ థీ బేచారోంకో, మేడమ్‌జీ." పాపం జలుబు చేసిందని, ఇంట్లో పిల్లలకు కాచే కాఢానే, అదే ఆ మిరియాల కషాయాన్నే, అన్ని గిన్నెల్లోనూ పోశాడు. ఇవ్వకూడని కుందేళ్ళకు కూడా మిరియాలు అందాయి. చలికాలమంతా చేసిన పని గంగలో కలిసింది.

"ఠీక్ హై భయ్యా, ఆగే సే పూఛ్ లేనా," అన్నారు మేడమ్. ఇకమీదట అడిగి పొయ్యమని, అంతే. నేను మాత్రం అక్కడే ఏడ్చేశాను.

"ఏడువమ్మా. రేపు పొద్దున్నే రా. మళ్ళీ మొదలెడదాం."

ఆఫీసు చుట్టూ తిరిగి నాకు గడువు సాధించుకొచ్చారు. ఆదివారాలు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఈసారి తేడా కనిపించింది. నా పేరు ముందు డాక్టరన్న మాట ఆ మొండితనం పెట్టిన భిక్ష.

పోయిన నెల ఆసుపత్రికి ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకెళ్ళాను. నోరు చేదుగా ఉందన్నారు, మూత వదులు చేయగానే వచ్చిన వాసనకే ఆవిడ ముఖం విప్పారింది. పూర్తిగా తీయబోయి ఆగారు.

"నా మందులతో ఇది పడుతుందో లేదో డాక్టర్ని అడిగావా?"

"చారే కదా మేడమ్!"

"కుందేళ్ళకు పోసిందీ కాఢాయే కదమ్మా."

మూత మళ్ళీ బిగించారు. ఆ వెచ్చటి ఫ్లాస్కును రెండు చేతులతో గుండెకు హత్తుకుని, డాక్టర్ ఎప్పుడొస్తాడా అని తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.