నవ్వితేనే సంకల్పం

మా ముదినేపల్లి ఫణికిరణ్ శర్మగారు నవ్వనివాళ్ళ చేత పూజ చేయించరు. పీటల మీద కూర్చున్నవాళ్ళు ముందు పళ్ళు కనిపించేలా నవ్వాలి. తరవాత రెండు చేతులూ పైకెత్తి, ఆయన పది అంకెలు లెక్కపెట్టేదాకా దించకూడదు. ఆపైన తడబడకుండా గోత్రం చెప్పాలి. ఈ మూడూ అయితేగాని ఆయన ఆచమనం కూడా చెప్పరు. ఏ శాస్త్రంలో ఉందండీ ఇది? ఇదే ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్నాను, నాకు తెలీని శాస్త్రమా?

అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "పక్షవాతం కోసమండీ. మూతి వంకరపోయినా, చెయ్యి కిందికి జారినా, మాట ముద్దగా వచ్చినా మెదడుకి రక్తం సరిగ్గా అందట్లేదేమో అని అనుమానించాలి. నాకెంతసేపండీ, అరనిమిషం పని!"

పెదవేగిలో ఒక పెళ్ళి. పెళ్ళికొడుకు తాతగారు కాఫీ ఆలస్యమైందని అలిగి కూర్చున్నారు. శర్మగారు మంత్రం ఆపేసి ఆయన దగ్గరికెళ్ళారు.

"ఒక్కసారి నవ్వండి."

"నేను అలిగానయ్యా!"

"అలగండి, తప్పులేదు. కానీ రెండువైపులా సమానంగా అలగాలండీ. మీ మూతి ఎడంవైపే అలిగినట్టుంది."

తాతగారికి నవ్వాగలేదు. మూతి రెండువైపులా బాగానే సాగింది, పెళ్ళీ సాగింది.

తద్దినాల్లోనూ ఇదే వరస. "మా నాన్నగారి తద్దినంలో నవ్వమంటారేమిటండీ?" అని ఎవరో అడిగితే, "నవ్వు పోయినవారి కోసం కాదండీ, ఉన్నవారి కోసం" అన్నారట. ఈ మాట మా ఆవిడ శ్యామల నాకు మూడుసార్లు చెప్పింది. ముప్ఫై ఏళ్ళలో నేనన్న మాట ఒక్కటైనా ఎవరికైనా ఇలా చెప్పావా అని అడిగాను.

"ఇంతకీ మీరేం అన్నారండీ?" అంది.

కుళ్ళుకున్నాను. దాచడమెందుకు, బాగా కుళ్ళుకున్నాను. 'ముందు ఫణిగారికి ఎప్పుడు ఖాళీయో కనుక్కోండి, ఆనక ముహూర్తం చూద్దాం' అనేదాకా వచ్చింది ఊరు. ఓ వ్రతంలో నేనూ దంపతుల్ని నవ్వమని అడిగి చూశాను. వాళ్ళు నా ముఖం చూసి భయపడ్డారు. దారిలో ఎదురుపడి ఆయన "శాస్త్రిగారూ, ఒక్క నవ్వు!" అంటే నాకు దవడ బిగుసుకుపోయేది. అది చూసి కంగారుగా స్కూటర్ దిగి, నా రెండు చేతులూ పైకెత్తించేవారు. నడిబజారులో!

మొన్న మాఘమాసంలో కలిదిండిలో కనకరాజుగారి గృహప్రవేశం. ఆయన చేపల చెరువుల రైతు, మా నాన్నగారి కాలం నుంచీ వాళ్ళింటికి మేమే పురోహితులం. హోమానికి తోడుగా ఉంటారని వాళ్ళావిడ వెంకటనరసమ్మగారు శర్మగారినీ పిలిచారు. "నేను చేయించే పూజలో నవ్వులూ గివ్వులూ వద్దండీ" అని ముందే చెప్పేశాను. ఆయన సరేనని హోమగుండానికి అవతల కూర్చుని సమిధలు సర్దుకుంటున్నారు.

తొమ్మిదీ పదికి సంకల్పం. కనకరాజుగారు గోత్రం ఖంగుమని చెప్పారు. కాసేపటికి అక్షతలు వెయ్యమంటే ఎడం చేత్తో వేశారు.

"కుడి చెయ్యండీ!" అన్నాను.

మళ్ళీ ఎడం చెయ్యే.

"కనకరాజుగారూ, దేవుడికి ఎడం చేత్తోనా? కుడి చెయ్యి, కుడి చెయ్యి!" అని నలుగురూ వినేలా గద్దించాను.

ఆయనేదో అనబోయారు. మాట ముద్దగా వచ్చింది. "పొద్దుట్నుంచీ ఉపవాసమండీ, నీరసం" అన్నారు వెంకటనరసమ్మగారు. సరే, తీర్థం ఇద్దామని ఉద్ధరిణె ఎత్తాను.

శర్మగారు హోమగుండం చుట్టూ తిరిగి రాలేదు, దాటుకునే వచ్చేశారు. ఎంత అపచారం!

"తీర్థం వద్దండీ! నోట్లో చుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కనకరాజుగారూ, ఏదీ నవ్వండి."

నవ్వు ఒకవైపే వచ్చింది. కుడి చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

"108కి ఫోన్ చెయ్యండి! పక్షవాతం అని చెప్పండి!"

బీపీ మాత్ర వేద్దామని ఒకరన్నారు. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని ఇంకొకరు. "ముహూర్తం దాటిపోతుందండీ" అని కూడా ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, నేనే అన్నాను.

"మనకున్న ముహూర్తం నాలుగున్నర గంటలేనండీ శాస్త్రిగారూ. స్కాన్ తీసి, పనికొస్తుందంటే గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇవ్వడానికి అంతే గడువు. ఎంత ముందెళితే అంత మంచిది. ఈయన చివరిసారి బాగున్నది ఎన్నింటికండీ? డాక్టర్లు మొదట అడిగేది అదే."

"తొమ్మిదీ పది. సంకల్పం" అన్నాను.

శర్మగారు ఆ టైము కాగితం మీద రాసి, కనకరాజుగారి కొడుకు హర్షిత్ జేబులో పెట్టారు. స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి ముందే కబురు చేసి, అంబులెన్స్‌లో తనూ ఎక్కి ఏలూరు వెళ్ళారు. ఆ రోజంతా నా చెవుల్లో నా గద్దింపే వినపడింది.

కనకరాజుగారు పదిరోజులకి ఇల్లు చేరారు. నెల తిరిగేసరికి కుడి చేత్తో అన్నం కలుపుకుంటున్నారు. ఆగిన హోమం పూర్తిచేద్దామని పిలిస్తే శర్మగారూ నేనూ వెళ్ళాం. శ్యామల కూడా వచ్చింది. గుమ్మంలోనే కనకరాజుగారు నా చేతులు పట్టుకున్నారు.

"ఎడం చెయ్యి సంగతి కనిపెట్టి మీరంత గట్టిగా కేకేశారు కాబట్టి బతికానండీ. శర్మగారు ఆసుపత్రిలో అందరికీ చెప్పారు."

శర్మగారిని పెరట్లోకి లాక్కెళ్ళాను. "అలా ఎందుకు చెప్పారండీ? నేను ఆయన్ని తిట్టాను!"

ఆయన పెరటి తలుపు దగ్గరికి వేశారు. "పన్నెండేళ్ళ కిందట నేనూ ఒకాయన్ని ఇలాగే తిట్టానండీ, కుడి చెయ్యని. పూజ పూర్తిచేయించి, ప్రసాదం తిని మరీ ఇంటికెళ్ళాను. ఆయనకి మళ్ళీ మాట రాలేదు. అది మొయ్యడం కష్టమండీ. ఊరికి నేనొక్కణ్ణి చాలు."

ఇక ఉండబట్టలేక లోపలికెళ్ళి అందరి ముందూ చెప్పేశాను. "కనిపెట్టింది నేను కాదండీ. పూజ చెడుతోందని తిట్టానంతే. కనిపెట్టింది శర్మగారు."

వెంకటనరసమ్మగారు శ్యామల వైపు తిరిగారు. "మీవారికి ఎంత వినయమండీ!"

శ్యామల నావైపు చూసిన చూపు పెళ్ళయ్యాక నేనెప్పుడూ చూసింది కాదు. ఇంకోసారి నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆ చూపు పోతుందేమోనని మళ్ళీ మూసేశాను. శర్మగారు మాత్రం తనను పొగిడినంత సంబరంగా తలూపుతున్నారు. ఆ ముఖం నేను పట్టిపట్టి చూశాను. అందులో అసూయ ఆవగింజంతైనా లేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకాయనంటే ఇప్పటికీ కుళ్ళే.