వకీలు సాబు తిన్న సీతాఫలాలు

పండిన సీతాఫలం వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది, నాకు కోపం వస్తుంది. మొన్న ఖమ్మం బజారులో ఒక ముసలమ్మ గంపలో ఆకులు పరిచి, కళ్ళు విచ్చిన పండ్లు పేర్చుకొని కూర్చుంటే, పక్కనున్నవాళ్ళు ఆహా అంటూ బేరాలాడుతున్నారు. నేను మాత్రం ఎప్పటిదో ఒక నల్లకోటును తలుచుకొని పళ్ళు నూరుతున్నాను. ఆ కోటు చేసిన నేరం పెద్దదేం కాదు. నా చిన్నతనంలో పండిన మంచి పండ్లన్నీ అది తినేసింది.

దమ్మపేట దాటాక అడవి అంచున ఉండేది అమ్మమ్మ ఊరు. తొలకరి పడగానే పుట్టల మీద లేచే పుట్టగొడుగులు, బతుకమ్మ పండక్కి దంచిన సత్తుపిండి, చలి పొద్దుల్లో వాకిట్లో కుండనిండా ఉడికే కందికాయలు, ఎండలు ముదిరితే తునికిపండ్లు, మొర్రిపండ్లు, ఊరంతటికీ మత్తెక్కించే ఇప్పపువ్వు వాసన, అరుగుమీద బొగ్గుతో గీసిన అష్టాచెమ్మా గళ్ళు, ఆ గళ్ళమీదే కాళ్ళు చాపుకొని చుట్ట కాల్చే అమ్మమ్మ. ఆమె చుట్ట వెలిగించిందంటే ఇంట్లో ఏదో ఒకటి తేలబోతోందని అర్థం. మేము ఆ ఇంటికి శాశ్వతంగా వచ్చేసిన సంగతి కూడా ఒక చుట్ట పూర్తయ్యేలోపే తేలింది.

నాన్న ఊరు చర్ల వైపు. అక్కడ ఆయనకు ఇంకో సంసారం కుదిరింది. ఈ సంగతి ఊరంతటికీ తెలిశాక చివరికి అమ్మకు తెలిసింది. ఇలాంటి వార్తలు ఎందుకోగాని పెళ్ళాం దగ్గరికి దూరపు చుట్టంలా అందరికంటే ఆలస్యంగా వస్తాయి. పంచాయితీ పెట్టారు. ఆ ఊళ్ళో మొగుడూ పెళ్ళాం విడిపోవడాన్ని ఆకు చింపుడు అనేవారు. పెద్దమనుషుల ముందు ఇద్దరూ ఒకే మోదుగాకును చెరో కొసా పట్టుకొని చింపాలి. చిరిగిందా, ఎవరి తోవ వాళ్ళది. విడాకులు అన్న మాటలో ఆకు ఎందుకుందో నాకు బళ్ళో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆకు చిరిగితే పిల్ల తండ్రిదే అన్నది కూడా కట్టుబాటే. కట్టుబాటు పెట్టినవాళ్ళలో తల్లులెవరూ ఉన్నట్టు లేరు.

ఆ రోజు నన్ను అక్కడ ఉండనివ్వలేదు. అమ్మ వచ్చి, నన్ను చంకనెత్తుకొని, చెప్పులు కూడా తొడుక్కోకుండా బస్సెక్కింది. అమ్మమ్మ ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. "నేను చింపలేదమ్మా."

కొన్నేళ్ళకు నాన్న కోర్టుకెక్కాడు. పెద్దల ముందు ఆకు చిరిగింది కాబట్టి విడాకులైపోయినట్టే, పిల్లను నాకిప్పించండి అని. నా మీద ఆయనకు ప్రేమ సరిగ్గా ఆ రెండో సంసారంలో తమ్ముడు పుట్టిన నెలలోనే పుట్టింది; చంటివాణ్ణి ఎత్తుకొని తిరగడానికి ఇంట్లో ఒక మనిషి కావలసి వచ్చింది. అమ్మమ్మ చుట్ట వెలిగించింది. "మనం గూడ వకీలును పెట్టాలె," అంది.

అప్పటినుంచి మా ఇంట్లో రుతువులు వకీలు సాబు ఇంటికి పోవడం మొదలుపెట్టాయి. పుట్టగొడుగులు లేస్తే తడిగుడ్డలో చుట్టి ఆయనకు, కందికాయలు లేతవి ఏరి ఆయనకు, అడవి తేనె పైన తేరింది ఆయనకు, అడుగున మిగిలింది మాకు. దసరా దాటాక సీతాఫలాలు. వాటిని సంచిలో పోసి నా ఒళ్ళో పెట్టేవాళ్ళు. కిక్కిరిసిన బస్సులో, ఆ ఉక్కలో, సంచిలోని పండ్లు టౌను చేరేలోపు ఒక్కొక్కటే మెత్తబడుతుంటే ఆ వాసన నా ముక్కులోకి, నోట్లోకి, కళ్ళలోకి పోయేది. "ముట్టకు బిడ్డా, సారుకు," అనేది అమ్మ. ఎక్కడికని కండక్టరు అడిగితే అమ్మ "వాయిదాకు" అనేది. వాయిదా అంటే ఊరిపేరనుకునేదాన్ని. అంత దూరం పోతున్నాం, ఎప్పటికీ చేరడం లేదు. తప్పుగా ఏమీ అనుకోలేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

వకీలు సాబు ఒక్కో పండునూ చేతిలోకి తీసుకొని, బొటనవేలితో మెల్లగా నొక్కి చూసి, పక్కకు పెట్టేవాడు. మా కేసు కాగితాన్ని ఆయన అంత శ్రద్ధగా చూడగా నేనెన్నడూ ఎరగను. ఆ తర్వాత సలహా. "ఎందుకమ్మా ఈ తిరుగుడు? పిల్లనిచ్చేసి నువ్వు సల్లగ ఉండరాదు? మొగోడన్నంక నాలుగు ఉంటయ్." అమ్మ తలవంచుకునేది. ఆమె తలవంచుకోవడం చూసి సంచి విసిరేయాలనిపించేది నాకు. అప్పటికి సంచి ఖాళీ.

మేము కూర్చునేది కోర్టు వరండాలో, గోడకు చేరేసిన బల్లమీద. అమ్మకు సంతకం వరకే చదువు. నాకేమో కొత్తగా చదువొచ్చిన రోజులు, కనబడ్డ బోర్డునల్లా పైకి చదవకపోతే ఊపిరాడేది కాదు. ఒక వాయిదా రోజు ఎదురుగా నిలబడి అమ్మ తలపైనున్న బోర్డును కూడబలుక్కున్నాను. మహిళలకు ఉచిత న్యాయ సహాయం.

"ఏంది, మళ్ళ సదువు?" అంది అమ్మ.

మళ్ళీ చదివాను. అమ్మ లేచి వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళూ ఆమె తల ఆనించి ఆనించి బోర్డు కింద గోడమీద నూనె మరక పడి ఉంది. మా వకీలు గుమాస్తాను అడిగితే ఆయన నవ్వాడు. "అదా? అది గరీబోళ్ళకమ్మా."

అమ్మ తన చెప్పులకేసి చూసుకుంది. ఒకటి తీగతో కుట్టి ఉంది. "మరి మేమెవరం సారూ?" అంది.

ఆ కోపంలోనే ఆ బోర్డున్న గది లోపలికి వెళ్ళాం. అక్కడ మా కేసుకు ఇచ్చిన వకీలు ఒక పడుచు మేడం, జలుబుతో ముక్కు చీదుకుంటోంది. అమ్మ అలవాటుగా సీతాఫలాల సంచి ముందు పెట్టింది. "నాకు పడవమ్మా, పాపకు పెట్టు," అని, ఆమె మూడో మాటగా అడిగింది: "ఆ రోజు అక్కడ అసలేం జరిగింది?" అన్ని రుతువులు తిన్న మనిషి ఈ ఒక్క ప్రశ్న అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమ్మ తలుపు దగ్గరగా వేసి చెప్పింది. నేను వరండాలో బోర్డు కింద కూర్చొని, గింజలు ఊస్తూ, సంచిలో అడుగుదాకా తిన్నాను.

సాక్ష్యానికి పంచాయితీ పెద్ద వచ్చాడు. అందరూ పటేలయ్య అనేవారు. ఇస్త్రీ పంచె, భుజాన జరీ కండువా, పెళ్ళికొచ్చినట్టు వచ్చాడు. ఇద్దరూ ఇష్టంగానే చింపారని చెప్పాడు. మేడం ముక్కు తుడుచుకొని, తాపీగా అంది. "ఆమె చింపనంటే మీరేం చెయ్యలేక ఊకున్నరట గదా. మీ మాట ఊళ్ళ ఎవ్వరు ఇనరట."

పటేలయ్య కండువా సర్దుకున్నాడు. "ఎవడన్నడు? ఊకుంటమా? ఆమె సేతి ఏళ్ళు ఇడిపిచ్చి, ఆకు పెట్టి, మళ్ళ మడిసి, నేనే పట్టి సింపిచ్చిన! గట్ల జెయ్యకుంటే పెద్దమనుషులం ఎందుకు మరి?"

జడ్జిగారు తలెత్తారు. నాన్న తలదించాడు. పటేలయ్య ఒక్కడే నిండుగా నవ్వుతూ చుట్టూ చూశాడు, మెచ్చుకుంటారని. ఆయన అబద్ధమాడి దొరికిపోలేదు, గొప్ప చెప్పుకొని దొరికిపోయాడు. ఒక ఆడమనిషి వేళ్ళు విరిచిపట్టడం ఆయన లెక్కలో పెద్దరికం. బయటికొచ్చి టీ తాగి బస్సెక్కాడు. అంతకు మించి ఆయనకేమీ కాలేదు.

నాన్న కేసు కొట్టేశారు, నేను అమ్మ దగ్గరే ఉండిపోయాను. తర్వాత అమ్మ తానే అడిగి అదే కోర్టులో విడాకులు తీసుకుంది. ఆకు అవసరం పడలేదు.

ఇప్పుడా వరండా లేదు, కొత్త భవనం వచ్చింది. అమ్మమ్మ పోయింది, చుట్ట వాసనా పోయింది. సీతాఫలం పొదలున్న మిట్టంతా పామాయిల్ తోట. మోదుగాకు విస్తళ్ళ బదులు ఆకు బొమ్మ అచ్చేసిన కాగితం ప్లేట్లు వస్తున్నాయి; ఎవరైనా చింపాలనుకుంటే సులువుగా చిరుగుతాయి. ఉచిత న్యాయ సహాయం బోర్డు మాత్రం ఇంకా పెద్దదైంది. మొన్న పనిమీద అటు వెళ్తే, దాని కింద ఎవరో ఒకామె ఒళ్ళో సంచి పెట్టుకొని కూర్చుని ఉంది. ఆగి, బోర్డు పైకి చదివి వచ్చాను.

బజారునుంచి తెచ్చిన పండ్లు అమ్మ ముందు పోశాను. ఏరుతూ ఏరుతూ, పెద్దవన్నీ తీసి పక్కన సంచిలో వేస్తోంది.

"అవెవరికమ్మా?"

చెయ్యి ఆగింది. "ఎవరికి లేదు బిడ్డా. చెయ్యే పోయింది గట్ల."

సంచిలోంచి అన్నిటికంటే పెద్దది తీసి, రెండు చేతులా పట్టుకొని, మధ్యకు విరిచి సగం నాకిచ్చింది. ఈసారి ఆమె వేళ్ళను ఎవరూ పట్టుకోలేదు.