డాక్టరు గారు తల ఊపారు, ఆవు పోయింది

ఒక ఫిడేలు, ఒక వీణ, ఒక మృదంగం మూడూ కలిసి మన ఇంటి ఆవును ఎలా తోలుకుపోగలవో మీకు తెలియదు. నాకు తెలుసు. ఆ ఘోరం నా చేతుల మీదుగానే జరిగింది కాబట్టి చెప్పాల్సిందీ నేనే. నవ్వుకోండి, ఏం ఫరవాలేదు. మా ఆవిడ సరోజ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో పుంగనూరులో కొత్తగా విత్తనాల అంగడి పెట్టాను. వయసు చిన్నది, అనుమానం పెద్దది. బస్సు కండక్టరు నవ్వుతూ టికెట్ ఇస్తే జేబు తడుముకునేవాణ్ణి. బేరమాడకుండా విత్తనాలు కొన్నవాడి నోటును ఎండకు పట్టి మరీ చూసేవాణ్ణి. ఈ లోకంలో నేను పూర్తిగా నమ్మింది మా గౌరిని ఒక్కదాన్నే. గౌరి అంటే మా పుంగనూరు పొట్టి ఆవు. నా నడుము దాకా కూడా రాదు గానీ, వాకిట్లో నిలబడిందంటే ఇల్లు దానిది, మేం బాడుగకున్నట్టు ఉండేది.

కుప్పంలో ఉండే నా బావమరిది రెడ్డెప్పకు దాని మీద కన్ను. వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"బావా, గౌరిని నాకియ్యి. బాగా సూసుకుంటా."

"నా కంఠంలో ప్రాణముండగా ఇయ్యనురా!"

ఈ మాట గుర్తు పెట్టుకోండి. వాడు పెట్టుకున్నాడు.

ఇలా ఉండగా నాకు కడుపులో మంట పట్టుకుంది. మదనపల్లెలో ఒక డాక్టరు గారి దగ్గరికి పోతే గొంతులో గొట్టం దింపి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇక నాకు నిద్ర ఉంటుందా? ఒక ఆదివారం పొద్దున్నే ఆయనే ఫోన్ చేశారు.

"మీ రిపోర్టు వచ్చిందండీ. ఏం లేదు, మాత్రలు వాడండి చాలు. సాయంత్రం మా డాక్టర్లం కలిసి చిన్న కచేరీ చేస్తున్నాం. తప్పకుండా రండి. మీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి."

ఫోన్ పెట్టేసి సరోజ వైపు చూశాను. "ఏం లేదంట."

"మంచిదే కదా!"

"ఏం లేకుంటే ముఖ్యమైన విషయం యాల ఉంటాది? మనల్ని పాటకు పిలిసేదెందుకు? మెత్తగా కూసోబెట్టి చెప్పేదానికే!"

"నీకు కడుపులో కాదు, తలకాయలో గొట్టమెయ్యాల్సింది" అంది సరోజ.

మీరూ అదే అంటారని నాకు తెలుసు. అయినా వెళ్లాం.

హాలు చిన్నది. జంపఖానా పరిచి, ఓ పాతికమందిని కూర్చోబెట్టారు. మైకు కూడా లేదు. ఎదురుగా ఫిడేలు పట్టుకుని మా డాక్టరు గారు, మృదంగం ముందు ఎముకల డాక్టరు, వీణతో మత్తు డాక్టరమ్మ. కడుపు కోసేవాడు, ఎముకలు విరిచేవాడు, మత్తిచ్చేవాళ్లు, అందరూ ఒకేచోట! ఇది కచేరీ అని ఎలా నమ్మమంటారు?

ఎముకల డాక్టరు సంచిలోంచి ఒక రాయి, చిన్న చెక్క తీసి మృదంగం అంచు మీద టకటకా కొట్టారు. శ్రుతి సరిచేస్తున్నారట. మోకాళ్లు వెనక్కి లాక్కుని సర్దుక్కూర్చున్నాను.

డాక్టరమ్మ వీణ మీటడం మొదలుపెట్టారు. నాకు సంగీతం ఓనమాలు కూడా రావు, అందుకని వినడం మానేసి మొహాలు చూస్తూ కూర్చున్నాను. ఆస్పత్రిలో రిపోర్టు కోసం కాచుకున్నవాళ్లకు డాక్టరు మొహం చదవడం అలవాటే కదా. ఆవిడ ఏదో మెలిక తిప్పగానే మా డాక్టరు గారు కళ్లు సగం మూసి, సరిగ్గా నా వైపు చూసి, తల అడ్డంగా ఊపుతూ "ట్చ్... ట్చ్... ట్చ్" అన్నారు.

సరోజను మోచేత్తో పొడిచాను.

"సరోజా, సూసినావా?"

"ఏంది?"

"నన్ను సూసి అయ్యో పాపం అంటాండాడు."

ఇంతలో పక్కనున్న ముసలాయన కూడా తల ఊపుతూ కళ్లు తుడుచుకున్నాడు. "అయ్యయ్యో! ప్రాణం తీస్తాండారప్పా!"

"ఎవరి ప్రాణం సామీ?" అన్నాను.

"ఇంకెవరిది, మనదే!"

ఈయనకు కూడా తెలిసిపోయిందన్నమాట. ఊరంతా తెలిసింది, నాకే దాచారు. అంతలో మా డాక్టరు గారు మృదంగం డాక్టరుకు రెండు వేళ్లు చూపించారు. ఆయన దిగులుగా తల ఆడించారు. రెండు వేళ్లంటే? రెండు నెలలు! అంతకంటే పెద్ద అర్థం నా బుర్రకు తట్టలేదు.

మృదంగం ఒంటరిగా మోగడం మొదలైంది. అదే అదనని కొందరు కాఫీకి లేచారు. వాళ్లతో పాటు నేనూ బయటపడి రెడ్డెప్పకు ఫోన్ చేశాను.

"రెడ్డెప్పా, గౌరిని తోలుకుపోరా."

"బావా, కంఠంలో ప్రాణముండగా ఇయ్యనంటివే?"

"ఆ ప్రాణమే పోతాందిరా! రెండు నెలలంట. దాన్ని నీకన్నా బాగా సూసేవాళ్లు యాడుండారు? మీ అక్కను కూడా నువ్వే సూసుకోవాల."

నిజం చెబుతున్నాను, ఆ మాట అనేటప్పుడు ఏడుపొచ్చింది. వాడు కూడా బోరుమన్నాడు. ఏడుస్తూనే, "నేను పలమనేరులోనే ఉండా బావా. టెంపో కూడా ఉండాది" అన్నాడు.

చూశారా, ఊరంతటినీ అనుమానించేవాణ్ణి, ఆ టెంపోను మాత్రం అనుమానించలేదు.

లోపలికొచ్చేసరికి డాక్టరమ్మ ఏదో ఏడుపు రాగం అందుకున్నారు. మా డాక్టరు గారు మళ్లీ నన్ను చూసి తల ఊపారు. "ట్చ్... ట్చ్..."

ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"సార్! ఇంక తలాడించొద్దు. రెండు నెలలేనా, ఇంకేమన్నా ఎక్కువుండాదా? నోరు తెరిసి సెప్పండి!"

వీణ ఆగిపోయింది. ఫిడేలు కమాను గాల్లో నిలిచిపోయింది.

"ఎవరికి రెండు నెలలు?" అన్నారు డాక్టరు గారు.

"నాకే సార్!"

"మీకేం లేదని పొద్దున్నే చెప్పాను కదయ్యా!"

"మరి నన్ను సూసి ట్చ్ ట్చ్ అంటిరే?"

"వీణ బాగుందయ్యా! బాగుంటే అలాగే అంటాం!"

"ఆ రెండు వేళ్లో?"

"టైమైపోతోంది, మృదంగం వంతు రెండు నిమిషాల్లో ముగించమన్నాను."

ఎముకల డాక్టరు మొహం మళ్లీ చిన్నబోయింది. హాలంతా ఒకటే నవ్వు. ముసలాయన పడి పడి నవ్వాడు. సరోజ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, నేనెవరో తెలియనట్టు జరిగి కూర్చుంది.

"మరి ముఖ్యమైన విషయమన్నారే?" అన్నాను నీరసంగా.

"గాలివానకు మీ తోటలో పనస చెట్టు పడిపోయిందన్నారు కదా? ఆ మాను ఈయన మృదంగానికి పనికొస్తుంది. అమ్ముతారేమో అడుగుదామని."

సిగ్గుతో ఊరికే తీసుకుపొమ్మన్నాను. చచ్చేవాణ్ణి కాదని తెలిసిన ఆనందం గేటు దాటేదాకా ఉంది. ఆ తర్వాత గౌరి గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే రెడ్డెప్ప ఎత్తడు.

పుంగనూరు చేరేసరికి మా ఇంటి ముందు టెంపో. టెంపోలో గౌరి, నోటినిండా పచ్చగడ్డి. రెడ్డెప్ప నన్ను కావలించుకుని భోరున ఏడ్చాడు.

"ఏడవొద్దురా, నాకేం లేదు! రిపోర్టు బాగుండాది. దింపు ఆవును!"

వాడు ఏడుపు ఆపాడు, కళ్లు తుడుచుకున్నాడు. దేవుడికి దండం కూడా పెట్టాడు. తర్వాత టెంపో ఎక్కి స్టార్ట్ చేశాడు.

"శానా సంతోషం బావా. నువ్వు నూరేళ్లు సల్లగుండాల. బతికినంత మాత్రాన మాట తప్పుతావా ఏంది?"

"సరోజా, నువ్వన్నా సెప్పు!"

"పోనీలే, నన్ను కూడా వాడికే అప్పజెప్పినావంట కదా" అంది సరోజ. "నేను ఎక్కలేదు, అంతవరకు సంతోషించు."

గౌరి గడ్డి నములుతూ కుప్పం వైపు వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి ఒక్కసారైనా చూడలేదు.

ఆనాడే ఘనంగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ డాక్టరు "ఏం లేదు" అన్నా ఏం లేదనే నమ్ముతాను. ఏ కచేరీలో ఎవరు తల ఊపినా నేనూ ఊపుతాను. ఇంతటి ఒట్టు ఆవు తోక పట్టుకుని వెయ్యాలని వాకిట్లోకి వెళ్లాను. తోక పలమనేరు దాటిపోయి ఉంటుంది. గుంజ పట్టుకుని వేశాను.