ఎడమచేత్తో ఆడిన అక్క

ఆన్‌లైన్ ఆటలో మా జట్టు నాయకురాలిని అందరం అక్కా అనేవాళ్లం. ఇబ్రహీంపట్నంలో బట్టలు కుట్టేది. ఆమె గొంతే తప్ప ముఖం ఎరగను. మన్నెగూడ దగ్గర బైకు మీంచి పడి నా కుడిచేయి నుజ్జయ్యాక, ఆట మానేస్తానన్నాను.

"ఎడమచేయి లేదా?" అంది.

"నా వల్ల మీరు ఓడిపోతరక్కా."

"ఓడిపోతే ఓడిపోతం. రేపటి సంది అందరం ఎడమచేత్తోనే ఆడుదాం."

అట్లాగే ఆడి రోజూ చిత్తుగా ఓడిపోయాం. ఆటకు ముందు తప్పకుండా, "వేళ్లు ముడిచి తెరిచినవా?" అని అడిగేది. అబద్ధం చెబితే నా గొంతును బట్టే పట్టేసి, నేను వ్యాయామం చేసేదాకా అందరినీ ఆపేది.

వానలు తగ్గాక ఒక సాయంత్రం నా కుడి బొటనవేలు కదిలి ఫోన్ తెరను తాకింది.

"కదిలిందక్కా!" అని అరిచాను.

అక్క బొంగురుగా, "ఆటల గట్ల నిలబడ్డవేంది? దుష్మన్లు ముంగట్నే ఉన్నరు, కాల్చు!" అంది.