ఆదివారం ఉపవాసం

నాకు గర్వం ఎక్కువ. ఈ మాట మా అత్త అంటే తిట్టు, నేను అంటే ఉన్నమాట. రామన్నపేట పక్క పల్లెలో, మా నేతవాళ్ల వాడలో, నాలాగా ఆసు పోసే ఆడది ఇంకొకతె లేదని ఇప్పటికీ ఎవరికైనా ఎదురుగా నిలబడి చెప్తాను. ఆసు పోయడమంటే, చెక్కకు అర్ధచంద్రంలాగా దిగ్గొట్టిన మేకుల మీద నూలును అటూ ఇటూ తిప్పి చుట్టడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు తిరగాలి. వరస తప్పితే రంగులో ముంచే ముందు కట్టే ముడులు తప్పుతాయి, ముడి తప్పితే రంగు పారుతుంది, చీర మీద నెమలి తోక రెండు ముక్కలవుతుంది. నా చీరల్లో నెమలి తోక ఎప్పుడూ తెగలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా ఆయనకు కామెర్లు ముదిరి నల్లగొండ దవాఖానలో పడ్డాడు. పక్క మంచంలో ఉన్న తన తమ్ముడికి తోడుగా ఒక పెద్దామె వచ్చింది. ఆమెది మా పక్క ఊరి దళితవాడ. మూడో రోజు నేను ఏడుస్తుంటే అడగకుండానే వచ్చి మా ఆయన మంచం కాడ నిలబడి కళ్లు మూసుకుంది. "యేసయ్యా, గీ బిడ్డ కాపురం నిలబెట్టు తండ్రీ" అని ప్రార్థన చేసింది. నేను వద్దనలేదు. ఆ స్థితిలో ఎవరు ఏ దేవుణ్ణి పిలిచినా వద్దనేదాన్ని కాదు.

మర్నాడు, ఒప్పుకున్న చీర పని ఉందని ఒక పూట ఇంటికి వచ్చి ఆసు ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం వేళ. చెయ్యి ఇక్కడ తిరుగుతోంది, మనసు దవాఖానలో ఉంది. నాలుగుసార్లు వరస తప్పింది. నా బతుకులో అదే మొదటిసారి. నూలు మొత్తం తెంపి పారేద్దామనుకున్నాను. "నీకు చెవులుంటే ఇప్పుడు విను" అని పైకే అన్నాను, ఆ పెద్దామె పిలిచిన ఆయన్ని. అది మొక్కు కాదు, కొట్లాట.

అప్పుడు నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. అంతే. మాట వినపడలేదు, వెలుగు కనపడలేదు. తిరిగి చూస్తే ఎవరూ లేరు, కానీ కూర్చునే ఉన్నారు. గుండెల్లో బరువు దిగిపోయింది. చెయ్యి దానంతట అది నడిచింది. సాయంత్రానికి ఆసు పూర్తయింది, ఒక్క పోగు తప్పలేదు. పదిరోజులకు మా ఆయన ఇంటికొచ్చాడు. మందులు పనిచేశాయి, కాదనను. నా పక్కన కూర్చున్నవాణ్ణి కూడా కాదనను.

పెద్దామె వెళ్లే, వాళ్ల వాడలోని రేకుల చర్చికి నేనూ వెళ్లడం మొదలుపెట్టాను. మా వాడ నుంచి నేనొక్కదాన్నే. మా అత్త ఒకటే షరతు పెట్టింది.

"ఏ దేవుణ్ణన్న మొక్కు, నాకేం ఫికర్ లేదు. గని ఆడ ముద్ద ముట్టినవంటే, గా చేత్తోని నాకు నీళ్లియ్యకు."

"గట్లనే అత్తా" అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానంటే, నాకూ అదే కావాలి గనుక. దాచుకునేదేముంది!

ఏడాది తిరిగేలోగా బాప్తిస్మం తీసుకున్నాను. దేవుడు మనకు చేసిన మేలు నలుగురిలో చెప్పడాన్ని సాక్ష్యం అంటారు; నా సాక్ష్యం అంటే జనం చెవి కోసుకునేవారు. "ఆయన వచ్చి నా పక్కన కూసున్నడు" అన్న చోట ఆడవాళ్లు కొంగులు కళ్లకు ఒత్తుకునేవారు. కేతేపల్లి ప్రార్థన కూటానికి పిలిచారు, దేవరకొండకు పిలిచారు, మైకు పట్టుకుని చెప్పాను. ఎంతమందికి జరుగుతుంది ఇలాంటిది అని లోపల లోపల పొంగిపోయేదాన్ని.

అదే చర్చిలో నెలకోసారి ప్రేమవిందు. ఆరాధన అయ్యాక అందరూ వరసగా కూర్చుని తింటారు. ఆ ఆదివారాలన్నీ నాకు ఉపవాసమే. "ఇయ్యాల ఉపవాసం ఉన్న పెద్దమ్మా" అనేదాన్ని. నీళ్లు సీసాలో పోసుకుని ఇంటి నుంచే తెచ్చుకునేదాన్ని. ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర మాత్రం అందరితోపాటు రొట్టె తీసుకునేదాన్ని. అది ప్రభువుది, ఇది వీళ్లది అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆ రొట్టె కాల్చేది కూడా ఆ పెద్దామేనని తెలిసే ఈ తీర్పు! పైగా నా ఉపవాసాలు చూసి పాస్టరయ్యగారు నలుగురిలో నన్ను మెచ్చుకుంటే, తల వంచుకుని "స్తోత్రం" అన్నాను. ఛీ, ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇలా మూడేళ్లు నడిచింది. పెద్దామె ఒక గది స్లాబు వేసుకుంది. "నీ సాక్ష్యం నా కొత్తింట్ల పడాలె బిడ్డా" అని గృహప్రవేశ ప్రార్థనకు నన్ను పిలిచింది. వెళ్లాను. ముందు టెంటు వేశారు, పొయ్యి మీద బగారన్నం, యాటకూర ఉడుకుతున్నాయి. ఆమె నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, గొంతు తగ్గించి, మూలకున్న స్టీలు క్యారియర్ చూపించింది.

"నీకు ఏరే తెప్పించిన బిడ్డా. మీ వాడ కాడి హోటల్ నుంచే. మావోళ్ల చెయ్యి తగల్లే. పళ్లెం గూడ కొత్తదే. జర తినిపో, నా ఇంట్ల ఉపవాసం ఉండకు."

నాకు ఒళ్లు మండింది. ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం.

"నన్ను గంత తక్కువ మనిషి అనుకున్నవా పెద్దమ్మా?"

ఆమె గొంతు పెంచలేదు. "తక్కువ ఎక్కువ నాకేం తెల్వది బిడ్డా. మూడేండ్ల సంది చూస్తున్న. అడిగితె నువ్వు వచ్చుడే బంద్ జేస్తవని అడగలే." క్యారియర్ మూత సర్దుతూ అంది: "గాయన నీ పక్కన కూసున్నడు, నిజమే. గని నీ కాడికి వచ్చే ముందల మా ఇంట్లనే తిని వచ్చిండు."

క్యారియర్ ముట్టకుండా బయటికి వచ్చేశాను.

బయట పాస్టరయ్యగారు సాక్ష్యానికి పిలిచారు. వెళ్లి నిలబడ్డాను. ఎన్నో ఊళ్లలో చెప్పిన మాటలు పక్కన పెట్టాను.

"నేను ఒక్కనాడు గూడ ఉపవాసం లేను" అన్నాను. "ఇంటికి పోయి కడుపునిండ తిన్న. మీ చేతి ముద్ద తినబుద్ధిగాక అబద్ధమాడిన."

వెనక నుంచి ఒక ముసలాయన, "మాకు తెల్వదా తల్లీ" అన్నాడు. ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు.

వెళ్లి వరసలో కూర్చున్నాను. మొదటి ముద్ద గొంతు దిగలేదు. నలభై ఏళ్లు అలవాటు పడిన ఒళ్లు ఒక్క ప్రార్థనతో మాట వింటుందా? నీళ్లతో దింపాను, వాళ్ల బిందెలోని నీళ్లతోనే. రెండో ముద్ద దిగింది. నాలుగో ముద్దకు కూరలో ఉప్పు తక్కువైందని తెలిసి పైకే అనేశాను. "ఇగ ఇంటి మనిషివైనవ్" అని పెద్దామె నా వీపు మీద ఒకటి చరిచి ఇంకో గంటెడు కూర వేసింది. ఆ వరసలో కూర్చున్నందుకు నాకు ఇవాళ్టికీ గర్వమే.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. చెప్పకుంటే సరిపోయేది గదా అని మా ఆయన గొణిగాడు. దాచడం మూడేళ్లు చేశాను, చాలు. అత్త కండెలు చుట్టే రాట్నం ఆపింది.

"ఎవ్వలింట్ల తిన్నవ్?"

చెప్పాను. ఆ పూట నుంచి అత్త కుండ వేరు, తన గ్లాసు వేరు. ఆ కుండ దరిదాపులకు నన్ను రానివ్వలేదు. నా చేతి నీళ్లు ముట్టలేదు.

నా కోపం సంగతి వాడంతా తెలుసు. మరొకప్పుడైతే చెంబు గోడకేసి కొట్టేదాన్ని. కానీ పెద్దామె మూడేళ్లు నా కోసం ఎలా ఓపిక పట్టిందో చూసి వచ్చాను గదా. రోజూ పొద్దున రాట్నం పక్కన చెంబెడు నీళ్లు పెట్టి, "తాగు అత్తా" అనేదాన్ని. సాయంత్రానికి నీళ్లు అలాగే ఉండేవి. తీసుకుపోయి కరివేపాకు చెట్టుకు పోసేదాన్ని. వానాకాలం పోయింది, చలికాలం పోయింది. చెట్టు ఏపుగా పెరిగింది గానీ అత్త మనసు మెత్తబడలేదు. పళ్లు కొరుక్కుంటూ పెట్టిన రోజులున్నాయి. "నా వల్ల కాదు, నువ్వే పెట్టుకో" అని దేవుడితో కొట్లాడిన రోజులున్నాయి. ఆ ఏడాది సాక్ష్యానికి ఎవరు పిలిచినా పోలేదు. ఆసు ముందు ఆయన నా పక్కన కూర్చున్నది ఆ ఒక్క పూట ధైర్యానికి అనుకున్నాను. పొద్దున్నే లేచి ఆ చెంబు నింపడానికి కూడా అని మెల్లగా తెలిసింది.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను పనిలో ఉండగా వెనక రాట్నం చప్పుడు ఆగింది. తల తిప్పలేదు. గటగట తాగిన చప్పుడు, చెంబు నేల మీద పెట్టిన చప్పుడు.

"సల్లగ లేవు నీళ్లు" అంది అత్త. "పో, నా కుండలకెల్లి ముంచుకరా."

లేచి, ఆమె కుండ మూత తీసి, నా చేత్తోనే ముంచి తెచ్చాను. నా చేతిలోంచే అందుకుంది. ఎన్ని చీరలు మగ్గం దించానో లెక్కలేదు, ఏ చీర దించినప్పుడూ నా మెడ అంత పైకి లేవలేదు.