సాయబు తాత కత్తి

మా ఇంట్లో గొర్రెను కోయాలంటే సాయబు తాత రావాల్సిందే. హాలియా దగ్గర మా ఊళ్లో హిందువుల ఇళ్లన్నిటికీ అదే పద్ధతి. పండగైనా పెళ్లైనా ఆయన వచ్చి, పెదవుల మీదే ప్రార్థన చదివి హలాల్ చేశాకే మాంసం పొయ్యి ఎక్కేది. గొర్రెలు కాసే మా బాపు ఆయనను మామా అని పిలిచేవాడు. మెడ మాంసం తాత వాటా.

ప్రత్యేక రాష్ట్రం రాకముందు నగరంలో బాంబు పేలింది. పోటీ పరీక్షల పుస్తకాలు కొనుక్కొని హాలియా బస్సు కోసం నిలబడ్డ మా తమ్ముడికి కుడికాలు మోకాలి దాకా పోయింది. ఎక్కడో ఎవరికో జరిగినదానికి పగ తీర్చుకున్నారని టీవీలో చెప్పారు. ఆ ఎక్కడో ఏమిటో మావాడికి ఈనాటికీ తెలియదు. బాంబు పెట్టినవాళ్లకు మా ఊరుందనీ తెలియదు. వాళ్ల మీద నా కడుపుమంట చల్లారలేదు, చల్లారదు కూడా.

తమ్ముణ్ని దవాఖాన నుంచి తెచ్చిన రోజు సాయబు తాత చూడటానికి గుమ్మం దాకా వచ్చాడు. బాపు ఆయన ముఖం మీదే తలుపు వేశాడు. ఆ ఏడు దసరాకు గొర్రెను తనే కోసుకున్నాడు. మమ్మల్ని చూసి ఊరూ నేర్చుకుంది. తాతను ఎవరూ ఒక్క మాట అనలేదు. పిలవడం మానేశారు, అంతే. మా ఊరి పెద్దమనుషుల మర్యాద అలాంటిది.

రాష్ట్రం వచ్చాక తమ్ముడికి పెళ్లయి కూతురు పుట్టింది. పాప పుట్టువెంట్రుకల నాడు వాడు మొండికేశాడు.

"తాత రాకుంటే నా బిడ్డ దావత్‌కు గొర్రెను కొయ్యొద్దు బాపూ."

బాపు లేచి గదిలోకి వెళ్లిపోయాడు. వాడు నన్ను తోడు తీసుకొని, పెట్టుడు కాలితో కుంటుకుంటూ తాత ఇంటికి వెళ్లాడు.

తాత ముందు ఆ కాలు వైపే చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"నేను రాను బిడ్డా. అప్పుడు కత్తి చేతుల పట్టుకొని ఊరంత తిరిగిన. గిప్పుడు గదే కత్తితోని బజార్ల నడిస్తే నన్ను ఏమనుకుంటరు?"

"కత్తి నాకియ్యి తాతా, నేను పట్టుకొస్త. నువ్వు నా ఎనుక రా."

అలాగే వచ్చారు. ఒక చేత కర్ర, ఇంకో చేత తువ్వాలలో చుట్టిన కత్తితో తమ్ముడు ముందు, ఖాళీ చేతులతో తాత వెనుక. అరుగుల మీద కూర్చున్నవాళ్లు మాటలు ఆపి చూశారు. వాళ్ల చూపులకు నాకే సిగ్గేసింది.

తాత పని కానిచ్చి చేతులు కడుక్కున్నాడు. బాపు పలకరిస్తాడేమోనని కాసేపు పందిరి కింద నిలబడ్డాడు. బాపు గదిలోంచి బయటికి రాలేదు. నేను మెడ మాంసం మూటగట్టి ఇవ్వబోతే, "మీ బాపు ఇస్తే తీసుకుంట బిడ్డా," అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం బంతిలో బాపు తమ్ముడి పక్కనే కూర్చున్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ బాంబు పేలేదాకా తాత కోసిన మాంసమే తిన్న మనిషి. నేను కూర వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, పచ్చిపులుసు పొయ్యమన్నాడు.