పిల్లికూన, ఇసుక డబ్బా

మొన్న పొద్దున బొంతలు మడతపెడుతుంటే పిల్లి ఉచ్చ వాసన గుప్పుమన్నది. నా బిడ్డ బడి నుంచి వస్తూ ఎత్తుకొచ్చిన కూన, ఇంకా రెండు నెలలైనా నిండనిది, బొంతల మధ్యన పని కానిచ్చి ఏమీ ఎరుగనట్టు కిటికీల కూసున్నది. ఎన్నిసార్లు ఉతికినా పోని ఆ ఘాటుకు ఎవరైనా ముక్కు మూసుకుంటరు. నాకు మాత్రం వీపు బిగుసుకున్నది. ముప్పై ఏండ్ల కింద ఛత్రినాక బస్తీల మేమున్న రెండర్రల రేకుల ఇంట్ల ఆ వాసన వస్తే తర్వాత ఏమైతదో నాకంటే ముందు నా వీపుకే యాదికొచ్చింది.

నాలుగు కిరాయి కుటుంబాలకు ఒక్కటే వాకిలి, ఒక్కటే నల్లా. వానకాలం రేకుల మీద చినుకుల మోతకు పక్కనున్న మనిషి మాట వినిపించకపోయేది. సందు మొగదల గిర్నీల పట్టిన జొన్నపిండి వేడి వాసన, చెమ్మ పట్టిన గోడల వాసన, నిప్పుల మీద కాలే మక్క కంకుల వాసన కలిసి గాలి బరువుగ ఉండేది. మేం ఆడపిల్లలం తడి వాకిట్ల బొగ్గుతోటి గళ్లు గీసి అష్టాచెమ్మ ఆడేటోళ్లం. సాయంత్రం బాపు సైకిల్ స్టాండు టక్కుమన్న చప్పుడు వినంగనే నేను గవ్వలు చేతుల నుంచి వదిలేసేదాన్ని.

మా బాపు సర్కారు కార్ఖానల ఫిట్టరు. వెంట్రుకవాసి తేడా లేకుండ ఇనుము అరగదీస్తడని పేరు. ఆ చేతులు ఇంట్ల ఎప్పుడు లేస్తయో ఎవరికీ తెల్వదు. కూరల ఉప్పు తక్కువైతే స్టీలు చెంబు, అమ్మ ఎదురు చెప్తే చెప్పు, నేను పక్క తడిపితే బెల్టు. ఎనిమిదేండ్లు నిండినా నాకు ఆ అలవాటు పోలేదు. పొద్దున మెలకువ రాంగనే కండ్లు తెరవకముందే కింద చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. పొడిగుంటే ఆ దినం బతికినట్టు.

గిర్నీ మెట్ల కింద ఈనిన పిల్లిని, దాని కూనలను ఒకనాడు వీధి కుక్కలు మా ముందటనే చీల్చేసినయి. ఆట ఆపి నిలబడ్డం తప్ప ఎవరం కదలలేదు. మిగిలిన ఒక్క కూనను నేను ఒళ్లె కట్టుకొని ఇంటికి తెచ్చిన. బూడిద రంగు మీద నల్ల చారలు. గిర్నీ కాడ దొరికింది గనుక గిర్నీ అనే పిలిచిన. బియ్యం సంచులు ఎలుకలు కొరుకుతున్నయి, ఉండనీ అని అమ్మ బతిమాలితే బాపు ఒప్పుకున్నడు. ఇంట్ల ఒక్క సుక్క పడ్డదో దాన్ని, తెచ్చినదాన్ని ఇద్దరినీ మూసీల ఇసిరేస్తనని కూడ చెప్పిండు.

మూడో దినమే అది బాపు డ్యూటీ బూట్ల పోసింది. బాపు దాని మెడ పట్టి, నేల మీద మూతిని రాసిండు. ముక్కు నుంచి నెత్తురు తుమ్మేదాంక రాసిండు. ఆ తర్వాత చీపురు తిరగేసి కొట్టిండు. అది నేర్చుకున్నదేమీ లేదు. అప్పటిదాంక కనపడే చోట పోసేది, ఇప్పుడు సందుగు పెట్టె వెనుక, మంచం కింద, పాత బట్టల మూటల పోసుడు మొదలుపెట్టింది. సైకిల్ చప్పుడైతే నిలబడ్డకాడనే కారిపోయేది. అట్ల ఎందుకైతదో ఆ ఇంట్ల నాకొక్కదానికే తెలుసు.

పక్క పోర్షన్ల రూతమ్మ ఉండేది. సర్కారు దవాఖానల ఆయా. ముసలోళ్లకు, బాలింతలకు పక్కలు మార్చి మార్చి ఆమె నడుము కొంచెం వంగిపోయింది. ఒకనాడు కూనను, నా కాళ్ల మీది బెల్టు వాతలను కలిపి చూసింది. "కొడితే అది ఒక్కటే నేర్చుకుంటది బిడ్డా, దాసిపెట్టుడు" అన్నది.

ఖాళీ నూనె డబ్బాను పొడుగున సగానికి కోయించి, కట్టే ఇండ్ల కాడి ఇసుక జల్లెడ పట్టి సగం పోసింది. గిర్నీ పోసిన బట్ట ముక్కనొకదాన్ని ఆ ఇసుక కిందనే పెట్టింది, దాని వాసన దానికి దారి చూపుతదని. అది ఖరాబు చేసిన మూలలన్నీ నిమ్మచెక్కలతోటి తోమించింది. పాలు తాగినంక, నిద్ర లేసినంక దాన్ని డబ్బాల దింపి, ముందటి కాలు పట్టి ఇసుకను గీకించాలె. చేస్తే తల నిమరాలె. బయట చేస్తే తుడిచి ఊకోవాలె. అంతే చదువు. బడి ముందు, బడి తర్వాత నాకు అదే పని. వారం దాటినంక ఒక పొద్దున నేను దింపకముందే గిర్నీ తనంతట తాను డబ్బాల ఎక్కి, గుంత తీసి, పని చేసుకొని, ఎంతో ఓపికగ ఇసుక కప్పింది. నాకు ఏడుపొచ్చింది.

బాపు కూడ చూసిండు. ఆ ఆదివారం ఆకురాయి తెచ్చి, డబ్బా అంచులు కూన కాళ్లకు కోసుకోకుండ గంటసేపు నున్నగ అరగదీసిండు. అట్ల కూడ ఉండేది మా బాపు. అందుకే ఆయన్ను పూర్తిగ అసహ్యించుకునుడు నాకు ఎన్నడూ చేతకాలేదు.

బోనాలొచ్చినయి. సందంతా వేపాకు తోరణాలు, సున్నం పూసిన కుండలు, బెల్లం అన్నం ఉడికే వాసన. పూల అంగడి నుంచి తెచ్చిన బంతిపూలు ఇంట్ల కుప్పపోసి ఉన్నయి. మా మేనత్త రాత్రే వచ్చి, బాపు కొత్తగ కుట్టించిన బొంత మీద నన్ను పక్కన పండుకోబెట్టుకున్నది. పొద్దున మెలకువ వచ్చి చెయ్యి పెట్టి చూసుకున్న. తడి. మేనత్త చీర కుచ్చిళ్లు కూడ తడి. ఆమె లేసి ముక్కు చిట్లించింది. చెల్లె ముందట బాపు మొకం నల్లబడ్డది. "ఎవలు?" అన్నడు.

నేను గిర్నీ దిక్కు వేలు చూపిన.

అది అప్పుడే డబ్బాల నుంచి దిగుతున్నది. బాపు వంగి, తోక పట్టి లేపి గోడకేసి కొట్టిండు. తడిసిన సంచి పడ్డట్టు చప్పుడు. కింద పడ్డంక అది ముందటి కాళ్లతోటి ఈడ్చుకుంట సందుగు వెనుకకు పోబోయింది. బాపు దాని మీదికి చెప్పు ఎత్తిండు. "నేనే పోసిన బాపు, అది కాదు" అన్న.

బెల్టు లాగుడు, నా వీపు పగులుడు ఒక్కసారే అయినయి. రెండో దెబ్బ పడలేదు. అమ్మ బెల్టును గాలిలనే పట్టుకున్నది. బాపు దాన్ని గుంజి మళ్లీ ఇసిరితే ఇత్తడి బకిలు అమ్మ నడినెత్తి మీద పడ్డది. నెత్తురు పాపిట్ల నుంచి ముక్కు మీదికి కారింది. అయినా అమ్మ బెల్టు వదలలేదు. మేనత్త అరిచింది, రూతమ్మ తలుపు తోసుకొని వచ్చింది, వాకిలి నిండింది. బాపు అందరినీ చూసి, బెల్టు వదిలి బయటికి పోయిండు.

అమ్మ తల కడుక్కున్నది. గాయంల పసుపు నింపుకొని, దాని మీద చుట్టబట్ట పెట్టి, బోనం ఎత్తుకొని గుడిదాంక నడిచింది. నుదిటి మీదికి జారుతున్న ఎరుపును అందరూ కుంకుమనుకున్నరు. పోతరాజు కొరడా ఝళిపిస్తే పిల్లలంతా కేకలు పెట్టుకుంట ఉరికిన్రు. నేను మాత్రం అమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డ.

వచ్చినంక అమ్మ బాపుతోటి, పిల్ల మీద ఇంకొక్కసారి చెయ్యి పడితే కార్ఖాన గేటు కాడ నిలబడి అందరికీ తన నెత్తి చూపిస్తనని చెప్పింది. బాపు నన్ను మళ్లీ కొట్టలేదు. అమ్మను కొట్టుడు మాత్రం చాన ఏండ్లు మానలేదు. రూతమ్మ గిర్నీ వెనుక కాలుకు చీపురు పుల్లలు కట్టి బతికించింది. అది ఆరేండ్లు కుంటుకుంటనే తిరిగింది. బాపు సైకిల్ చప్పుడైతే పోయి డబ్బాల ఎక్కి, ఏమీ చెయ్యకుండ ఇసుకల ఊరికే కూసునేది. అక్కడుంటే ఎవరూ కొట్టరని దానికి తెలుసు. నా పక్క తడుపుడు కూడ ఆ చలికాలానికి దానంతట అదే పోయింది.

ఇప్పుడు ఆ రేకుల ఇల్లు లేదు. నాలుగంతస్తుల బిల్డింగు లేసింది, గిర్నీ చోట సెల్లుఫోన్ల దుకాణం పడ్డది. రూతమ్మ పోయింది, బాపు పోయిండు. అమ్మ నాతోనే ఉంటున్నది. మొన్న ఇద్దరం బొంత పిండుతుంటే ఇన్నేండ్లకు అడిగిన, ఆ పొద్దున నేను అబద్ధం చెప్పిన్నని ఆమెకు ఎప్పుడు తెలిసిందని.

అమ్మ బొంత అంచు వదలకుండనే చెప్పింది. "నువ్వు వేలు చూపకముందే తెలుసు. అంత తడి పిల్లికూనది ఎట్లైతది? పిల్లి పోతే పోయింది, నా బిడ్డ దక్కితే సాలని నోరు మూసుకున్న. నువ్వే నోరు తెరిచినవ్. అప్పుడు నాకు సిగ్గయింది. అందుకే బెల్టు పట్టిన."